తొమ్మిదో నిబంధన, పాతిక కాయల ఆవకాయ

వీడియో గేముల ప్రదర్శనకు వెళ్ళిన విలేకరులు గేము పూర్తి చేస్తేగానీ హాలు దాటి బయటికి రాకూడదని నిబంధన పెట్టినప్పుడు అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోక చస్తారా, అంతకుముందు ఏడాది జరిగిన బాగోతం అలాంటిది.

ఆ ప్రదర్శనలో పెట్టేవన్నీ సగం తయారైన గేములే. వాటిని డెమోలంటారు. కంపెనీలవాళ్ళు ఉన్నంతవరకు చూపించి, మిగతాది వచ్చే ఏడాది అంటారు. విలేకరులు ఒక్కోదాని దగ్గర రెండు నిమిషాలు ఆడి, టీ తాగి, ఇంటికెళ్ళి రెండేసి పేజీలు రాసేవారు. ఒక గేములో శబ్దం ఇంకా ఎక్కించలేదు. దాన్ని ఒకాయన "మౌనంతో మాట్లాడే మహత్తర ప్రయోగం" అన్నాడు. ఇంకో గేములో కథానాయకుడు నడుందాకా గోడలో ఇరుక్కుపోయాడు. "నేటి మనిషి నిస్సహాయతను ఇంత గొప్పగా చూపించినవారు లేరు" అని ఒకావిడ రాసింది. కంపెనీవాళ్ళు తప్పు తెలుసుకుని గోడ సరిచేసి గేము అమ్మకానికి పెడితే, కొన్నవాళ్ళు ఆ నిస్సహాయత ఏమైందని కోర్టుకెక్కారు.

దాంతో క్రీడా సాఫ్ట్‌వేర్ ప్రోత్సాహక మండలి మూడు సమావేశాలు జరిపి తొమ్మిదో నిబంధన రాసింది. "డెమోను స్పృశించిన ప్రతి ఒక్కరూ దానిని ఆమూలాగ్రం పూర్తి చేయవలెను. సమాప్తమైనట్లు నిర్ధారణ అయిన పిదప ధ్రువపత్రము జారీ చేయబడును. ధ్రువపత్రము లేనిదే గేటు తెరువబడదు."

సగమే తయారైనదాన్ని పూర్తిగా ఆడటం ఎలాగని మండలిలో ఎవరూ అడగలేదు. వాళ్ళలో గేములు ఆడేవాళ్ళెవరూ లేరు మరి.

భ్రమరాంబకు ఈ సంగతులేవీ తెలియవు. ఆవిడ 'తెలుగు వేకువ' దినపత్రికలో ఇరవై రెండేళ్ళుగా 'మన ఇల్లు' పేజీ చూస్తోంది. పట్టుచీర మీద నూనె మరక పోవడం, దోసె పెనానికి అంటుకోకపోవడం, ఆడపడుచు అలక తీరడం, ఇవీ ఆవిడ చూసే విషయాలు. గేముల సంగతి రాసే కుర్రాడికి నడుం పట్టేసిందని ఆ శుక్రవారం ఉదయం ఎడిటరుగారు ఆవిడకు ఫోన్ చేశాడు.

"భ్రమరాంబగారూ, మాదాపూర్‌లో గేముల ప్రదర్శన. మీరు వెళ్ళాలి."

"నాకు టీవీ రిమోటే సరిగ్గా నొక్కడం రాదండీ."

"వంటింటి గేము ఒకటుందట. 'వంటింటి మహారాణి'. వంట గురించి మీకంటే తెలిసినవాళ్ళెవరున్నారు మన ఆఫీసులో? రెండు గంటల పని."

రెండు గంటలేగదా అని ఒప్పుకుంది. అంతకంటే ఎక్కువ ఉండటానికి వీల్లేదు. గురువారం సాయంత్రమే పాతిక కాయల ఆవకాయ కలిపి జాడీకి ఎత్తింది. మూడో రోజు, అంటే శనివారం, దాన్ని తిరగ కలపాలి. అడుగు ముక్క పైకి, పై ముక్క అడుక్కి వెళ్ళాలి. ఉప్పు చూడాలి. నూనె తేలకపోతే ఇంకాస్త పొయ్యాలి. ఆ రోజు తప్పితే పైముక్కలకు బూజు పడుతుంది. బూజు పడితే ఏడాదంతా ఊరగాయ లేదు. తిరగ కలిపే చేతికి తడి ఉండకూడదు. ఆ ఇంట్లో తడి లేని చెయ్యి ఆవిడది ఒక్కటే. మొగుడు సాంబమూర్తి ట్రెజరీ ఆఫీసులో హెడ్‌క్లర్కుగా చేసి రిటైరయ్యాడు. నాలుగేళ్ళ కిందట ఆవిడ ఊళ్ళో లేనప్పుడు కడిగిన గరిటె కడిగినట్టే జాడీలో పెట్టి జాడీ మొత్తం పారబోయించిన ఘనుడు. అప్పట్నుంచీ ఆయనకు వంటింట్లోకి ప్రవేశం నిషేధించింది. ఆయనకూ అదే కావాలి.

హాలు గేటు దగ్గర ఒక ఫారం ఇస్తే, వెనకవాళ్ళు తోసేస్తుంటే, చదవకుండానే సంతకం పెట్టింది. చేతికి ఎర్ర పట్టీ కట్టారు.

'వంటింటి మహారాణి' స్టాల్లో యామిని అనే పిల్ల ఉంది. పాతికేళ్ళుండవు, కళ్ళ కింద నల్లటి చారలు. గేమంతా తనొక్కతే తయారుచేస్తోందట. ఏ మీట దేనికో చెప్పి, భ్రమరాంబను తెర ముందు కూర్చోబెట్టింది. బాగానే ఉంది వంటిల్లు. ఇత్తడి గిన్నెలు, పోపులపెట్టె, గోడకు తగిలించిన చేట. భ్రమరాంబ పొయ్యి వెలిగించింది. బియ్యం కడిగి ఎసట్లో పోసింది. మూత పెట్టింది. కూర్చుంది.

ఎంతసేపటికీ ఉడకదు.

"మంట పెంచాలేమో అమ్మాయ్?"

"మంట బాగానే ఉంది మేడమ్. ఉడకడం ఇంకా రాయలేదు."

"ఏమిటీ?"

"బియ్యం అన్నంగా మారడం. అది వచ్చే మార్చికి పెట్టుకున్నాను. ఈలోపు మీరు చట్నీ రుబ్బుకోవచ్చు. అది చాలా బాగా వచ్చింది."

భ్రమరాంబ రుబ్బింది. పొత్రం తిరుగుతున్న చప్పుడు నిజంగానే బాగుంది. వెనక్కి చూస్తే ఒక ముసలావిడ గోడకేసి తిరిగి నిలబడి ఉంది.

"ఈవిడెవరు?"

"అత్తగారు."

"అలా తిరిగి నుంచుందేం? అలిగిందా?"

"మొహం ఇంకా చెయ్యలేదు మేడమ్."

"చెయ్యకు. ఇలాగే బాగుంది," అంది భ్రమరాంబ. ఆ పిల్ల పాపం రెండు రోజుల తరవాత మొదటిసారి నవ్వింది.

మూడు పేజీల నోట్సు రాసుకుని, సంచీ భుజాన వేసుకుని ఆవిడ గేటు దగ్గరికొచ్చింది. గేటు యంత్రం ఎర్రగా వెలిగింది. వాచ్‌మన్ ధ్రువపత్రం అడిగాడు. లేదంటే, పక్కనున్న గదిలోంచి పర్యవేక్షణాధికారిని పిలిచాడు. ఆయన పేరు చిదానందం. మెడలో ఐడీ కార్డు, చేతిలో నిబంధనల పుస్తకం, మొహం నిండా ఓపిక.

"మేడమ్, తాము ఆడిన డెమో సమాప్తమైనదా?"

"ఎలా అవుతుందండీ? అన్నం ఉడకడమే పెట్టలేదు ఆ పిల్ల."

"అనగా తాము మధ్యలో విరమించి వెళ్ళదలచారు."

"మధ్యలో ఏమిటి, ఉన్నదంతా ఆడాను. ఇంకేం లేదు అందులో."

"భావావేశమును పక్కనబెట్టి ఈ అంశమును తొమ్మిదో నిబంధన వెలుగులో పరిశీలిద్దాం. డెమోలో ఏమి ఉన్నదన్నది మండలి పరిధిలోనిది కాదు. తాము పూర్తి చేశారా లేదా అన్నదే మండలి పరిధిలోనిది."

"పోనీ చివర్లో సమాప్తం అని ఒక ముక్క చేర్చమనండి. ఆ పిల్ల ఐదు నిమిషాల్లో చేరుస్తుంది."

చిదానందం జాలిగా చూశాడు. "ప్రదర్శనకు సమర్పించిన పిదప డెమోలకు సీలు వేయబడింది మేడమ్. పూర్తికాని వస్తువును ఎవరైనా పూర్తి చేసేస్తే అది డెమో ఎలా అవుతుంది?"

వెనక నుంచి ఎవరో నవ్వారు. తువ్వాలు భుజాన వేసుకుని, పళ్ళు తోముకుంటూ ఒకతను నిలబడి ఉన్నాడు.

"కొత్తగ వచ్చిండ్రా మేడమ్? ఫారం సదవకనే సంతకం పెట్టిండ్రు గదా?"

అతని పేరు భిక్షపతి. వరంగల్‌ వాడు. గేముల గురించి రాసే వెబ్‌సైట్లో పనిచేస్తాడు. గురువారం పొద్దున్న లోపలికొచ్చి కారు పందెం గేము పట్టుకున్నాడు.

"నాలుగు వేల కిలోమీటర్లు నడిపిన మేడమ్. ఫినిష్ లైన్ ఇంక గియ్యలేదట. పెట్రోల్ అయిపోతదేమో అనుకున్న. అయిపోవుడు గూడ రాయలేదట."

"అయితే ఎప్పుడు పంపిస్తారు మనల్ని?"

"మొత్తం అరవై ముగ్గురం ఉన్నం. పోయినోడు ఒక్కడు లేడు. మీరు టూత్‌బ్రష్ తెచ్చుకున్నరా?"

ప్రదర్శన ఆదివారంతో ముగుస్తుంది కదా అని అడిగింది. క్రీడాకారులందరూ పూర్తి చేసేవరకు ప్రదర్శన ముగిసినట్టు కాదని పన్నెండో నిబంధన చెబుతోందట.

ఆవిడ సాంబమూర్తికి ఫోన్ చేసింది.

"ఏమండీ, నేనీ రోజు రావట్లేదు. అన్నం ఉడకలేదు."

"ఎవరింట్లో?"

అంతా చెప్పేసరికి పావుగంట పట్టింది. ఆయన విన్నాడు. ముప్ఫై మూడేళ్ళు గవర్నమెంటు ఆఫీసులో చేసిన మనిషి కాబట్టి ఆయనకు ఇందులో వింతేమీ కనబడలేదు. "నిబంధనంటే నిబంధనే మరి," అన్నాడు.

"అది సరేనండీ, ఆవకాయో? రేపు తిరగ కలపాలి."

"నేను కలుపుతాలే."

"మీరు జాడీ ఉన్న గదిలోకే వెళ్ళొద్దు!" ఆవిడ అరిచిన అరుపుకి పక్క స్టాల్లో యుద్ధం ఆడుతున్నవాళ్ళు కూడా ఆగిపోయారు.

శనివారం తెల్లారేసరికి హాలు చక్కగా సంసారంలో పడింది. రాక్షసుల బొమ్మలున్న బ్యానర్ల మీద బనియన్లు ఆరుతున్నాయి. పాల ప్యాకెట్లవాడు గేటు సందులోంచి అందిస్తున్నాడు. అంతరిక్ష యుద్ధం స్టాల్లో ఇద్దరు విలేకరులకు ఫ్యాను గాలి దగ్గర పేచీ వచ్చి మాటల్లేవు. చిదానందం సిబ్బందితో వచ్చి, అందరి దగ్గరా ప్రస్తుత చిరునామా మార్పు దరఖాస్తులు తీసుకుంటున్నాడు.

"ముప్ఫై రోజులు దాటినచో తమరి రేషన్, గ్యాసు ఈ స్టాలు నంబరుకే బదిలీ చేయుటకు మండలి సుముఖంగా ఉన్నది," అన్నాడు భ్రమరాంబతో. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో ఏదో మేలు చేస్తున్నవాడి తృప్తి ఉంది.

"నాకు గ్యాసు వద్దండీ. మధ్యాహ్నంలోగా ఇంటికి పంపించండి. ఆవకాయ తిరగ కలపాలి."

"ఆవకాయ నిమిత్తం మినహాయింపు..." ఆయన పుస్తకం తిరగేశాడు. "ప్రసవము, అగ్నిప్రమాదము, మంత్రిగారి పర్యటన. ఆవకాయ కనిపించుట లేదు."

భిక్షపతి భార్య ఫోనులో కేకలేస్తోంది. ఆ కేకలు అతని చెవి దాటి నలుగురికీ వినబడుతున్నాయి. ఆదివారం పొద్దున్న వాళ్ళ పాపకు పుట్టువెంట్రుకలు. మేనమామ వచ్చేశాడు, మేకపోతు వచ్చేసింది, తండ్రి రాలేదు.

"వస్తనే... గేమ్ ఆడుతలేనే, ఆగుతలేదే గిది! బ్రేకు గూడ పెట్టలేదు వాళ్ళు!" అని బతిమాలుతున్నాడు.

పది గంటలకు సాంబమూర్తి ఫోన్ చేశాడు.

"భ్రమరా, గది గుమ్మంలోంచే చూశాను, లోపలికి వెళ్ళలేదు. వాసెన గుడ్డ మీద కొంచెం తెల్లగా కనిపిస్తోంది."

"ఎండ అయ్యుంటుంది కిటికీలోంచి."

"ఎండే కావచ్చు. నేను ముట్టుకోనా?"

"ముట్టుకోవద్దు. జాడీకి జాడీ ఇక్కడికి తీసుకొచ్చేయండి. చేతులు తుడుచుకుని పట్టుకోండి. ఒళ్ళో పెట్టుకోండి. ఆటోవాడితో గుంతలు తప్పించమని చెప్పండి."

పన్నెండు గంటలకు ఆయన గేటు దగ్గర దిగాడు. జాడీని పసిపిల్లలా ఎత్తుకున్నాడు.

"ఎంత బరువుందోయ్ ఇది! ఆటోవాడు ఏమన్నాడో తెలుసా? ఎవరి అస్థికలండీ, ఇంత పెద్ద మనిషా అన్నాడు."

"అలాంటి మాటలు జాడీ ముందు అనకండి!"

వాచ్‌మన్ అడ్డుపడ్డాడు. ప్రదర్శనకు పెట్టే వస్తువులు తప్ప మరేవీ లోపలికి రాకూడదు. మళ్ళీ చిదానందం రావలసివచ్చింది. ఆయన జాడీ చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఈ వస్తువు పూర్తిగా తయారైనదేనా?"

"ఎక్కడండీ," అంది భ్రమరాంబ గేటు అవతలి నుంచి. ఏడుపొక్కటే తక్కువ. "ఇవాళ తిరగ కలపాలి, ఉప్పు చూడాలి, నూనె పొయ్యాలి, ఆ తరవాత ముక్క ఊరాలి."

చిదానందం మొహం విప్పారింది. "అనగా అభివృద్ధి దశలో ఉన్నది. ఆ సంగతి ముందే చెప్పవలసింది. నలభై ఒకటో స్టాలు ఖాళీగా ఉంది." వెంటనే ఒక ఫారం తీశాడు. "ప్రదర్శనాంశం పేరు?"

"ఆవకాయ."

"తెలుగు పేరు పెట్టారు. మండలి తరఫున అభినందనలు. ఏ తరగతి? సాహసమా, వినోదమా, విద్యాపరమా?"

"సాహసమేనండి," అన్నాడు సాంబమూర్తి, అందులో కారం పాళ్ళు తెలిసినవాడు కనక.

"ఏ వేదిక మీద నడుచును?"

"అన్నం మీద," అంది భ్రమరాంబ.

"ఏకకాలంలో ఎందరు పాల్గొనవచ్చు?"

"మేమిద్దరమే. ఏడాది పొడుగునా."

"అది తమ ఇంటి వాడుక. సాంకేతికంగా ఎందరైనా పాల్గొనవచ్చు కదా? బహుళ క్రీడాకారులు అని రాస్తాను. వయోపరిమితి?"

"చిన్నపిల్లలకైతే ముక్క కడిగి పెట్టాలి."

"పెద్దల పర్యవేక్షణ అవసరం," అని రాసుకుని ఆయన సంతకాలు తీసుకున్నాడు. భ్రమరాంబ మెడలో ప్రదర్శకురాలి కార్డు వేశారు. సాంబమూర్తికి సహాయకుడి కార్డు ఇచ్చారు. ప్రదర్శకులు ఎప్పుడంటే అప్పుడు, తమ వస్తువుతో సహా, వెనక గేటులోంచి వెళ్ళిపోవచ్చుననీ ఆయన మర్యాదగా చెప్పాడు.

ఆ మాట భ్రమరాంబ సరిగ్గా వినలేదు. స్టాల్లో కూర్చుని, చేతులు మూడుసార్లు పొడిబట్టతో తుడుచుకుని వాసెన విప్పుతోంది. తెల్లగా కనబడింది ఎండే. బూజు కాదు. ఆవిడ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. తెడ్డుతో అడుగు నుంచి పైకి తిరగవేసింది. ఎర్రటి ఊట, నూనె, ఆవఘాటు ఒక్కసారిగా పైకొచ్చాయి. రెండు రోజులుగా బన్ను, టీ తప్ప ఎరగని ఆ హాల్లో ఆ వాసన ఒక చివర నుంచి ఇంకో చివరకు పోయింది. తుపాకులు ఆగాయి. కార్లు ఆగాయి. అరవైమంది తలలు ఇటు తిరిగాయి.

ఉప్పు చూడటానికి నాలిక మీద వేసుకుందామని చూస్తే, భిక్షపతి అప్పటికే చెయ్యి చాపి ఉన్నాడు. ఒక ముక్క వేసింది. చిదానందం కూడా గొంతు సవరించుకున్నాడు. "ప్రదర్శనాంశమును తనిఖీ చేయుట నా విధి," అన్నాడు. ఆయనకూ ఒక ముక్క వేసింది.

ముక్క నోట్లో పడగానే ఆయన మొహం కందగడ్డలా అయింది. నీళ్ళ కోసం అటూ ఇటూ చూస్తుంటే భిక్షపతి నెమ్మదిగా అన్నాడు.

"సార్, మీరు డెమో ముట్టుకున్నరు గదా?"

చిదానందం నీళ్ళు వెతకడం ఆపాడు. నిబంధనల పుస్తకం తెరిచాడు. తొమ్మిదో నిబంధనలో 'ప్రతి ఒక్కరూ' అనే ఉంది, అధికారులు మినహా అని లేదు. ఆ వాక్యం రాసింది ఆయనే.

"నిజమే," అన్నాడాయన, కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే. అవి కారం నీళ్ళో కావో చెప్పడం కష్టం. "నేనును పూర్తి చేయవలసి ఉన్నది."

"అయితే సార్, ఈ హాల్‌ల అయిపోయే డెమో గిదొక్కటే." భిక్షపతి జాడీని చూపించాడు. "ఒక్క డెమో పూర్తి చేస్తే చాలు గదా, ధ్రువపత్రం ఇస్తరు గదా?"

"గేటుకు కావలసినది ఒక్క ధ్రువపత్రమే, ఏదో ఒక డెమో చాలును. జాడీ అడుగు కనిపించినచో సమాప్తమైనట్లే పరిగణించవచ్చు."

అందరూ ఒక్కసారి జాడీ వైపు చూశారు. భ్రమరాంబ తెడ్డు పక్కన పెట్టి, రెండు చేతులూ జాడీ చుట్టూ వేసింది.

"ఇది ఏడాది ఊరగాయ."

సాంబమూర్తి వంగి చెవిలో అన్నాడు. "వెనక గేటు తెరిచే ఉంది. ప్రదర్శకురాలివి, వస్తువుతో సహా పోవచ్చన్నాడు ఆయన. ఆటో ఇంకా అక్కడే ఉంది. లే, పద."

నిజమే. లేచి నడిస్తే అరగంటలో ఇల్లు. జాడీ యథాస్థానంలో. ఆవిడ లేచింది కూడా. వాసెన కట్టింది. సాంబమూర్తి జాడీ ఎత్తుకున్నాడు. ఇద్దరూ నాలుగడుగులు వేశారు. దారికి అడ్డంగా ఎవరూ రాలేదు. అదే వచ్చిన చిక్కు. ఎవరైనా అడ్డం వచ్చి చెయ్యి పట్టుకుని ఉంటే ఆవిడ తిట్టి తోసేసి వెళ్ళిపోయేదే. భిక్షపతి మాత్రం ఫోనులో, "నువ్వే ఎత్తుకుని కూసో బిడ్డను, మా తమ్ముణ్ణి పక్కన కూసోబెట్టుకో," అంటున్నాడు.

భ్రమరాంబ ఆగింది.

"సగం ఇస్తే సరిపోతుందా?" అని అడిగింది చిదానందాన్ని.

"సగము అసంపూర్ణమే కదా మేడమ్."

ఆవిడ హాల్లో తలలు లెక్కపెట్టింది. "ఇంతమందికి అన్నం ఎక్కడ వండుతారు ఇక్కడ?"

"భ్రమరా!" అన్నాడు సాంబమూర్తి.

"దించండి జాడీ. వంగేటప్పుడు జాగ్రత్త."

ఏడాది ఆవకాయ కళ్ళముందే పోతుంటే చూడలేనని ఆయన అలిగి, సహాయకుడి కార్డు మెడలోనే ఉంచుకుని, హాల్లోకి ఎటో వెళ్ళిపోయాడు.

క్యాంటీన్‌లో రెండు పెద్ద గుండిగల్లో అన్నం వండించారు. ఆ అన్నం ఉడికింది. విలేకరులంతా వరసగా కింద కూర్చున్నారు. భ్రమరాంబే వడ్డించింది. మనిషికి ఐదారు ముక్కలు వచ్చాయి. మూడో రోజు ఆవకాయ, ముక్క ఇంకా పుల్లగా కరకరలాడుతోంది, కారం మాత్రం కొత్తది. యుద్ధాల గేముల్లో వేలమందిని చంపినవాళ్ళు ముక్కు చీదుకుంటూ, నాలిక బయటపెట్టి ఊదుకుంటూ తిన్నారు. యామిని కూడా వచ్చి కూర్చుంది. ధ్రువపత్రం నీకెందుకు, నువ్వు ప్రదర్శకురాలివి కదా అంటే, ఆకలేస్తోంది మేడమ్ అంది. టెంక మిగిలితే పూర్తయినట్టా కానట్టా అని మధ్యలో ఒక తగాదా వచ్చింది. చిదానందం నోరు మండుతూనే, టెంక నిర్మాణ సామగ్రి కిందికి వస్తుందని తీర్పు చెప్పాడు.

తింటున్నంతసేపూ వాళ్ళు ఊరుకోలేదు. వృత్తి ధర్మం.

"ఆరంభంలోనే తీవ్రత ఎక్కువ. కొత్తవారికి కష్టం."

"ఉప్పు ఇంకా సమతూకానికి రాలేదు."

"వెల్లుల్లి పాత్ర బాగుంది, కానీ నిడివి తక్కువ."

"మూడో రోజు ఆవకాయకి ఉప్పు సమతూకం ఏమిటయ్యా!" భ్రమరాంబ తెడ్డు ఊపింది. "నెల ఆగి తినాలి దాన్ని. మీకోసం పచ్చిది పెడితే వంకలు పెడతారా?"

అందరూ తలలు వంచుకున్నారు. పూర్తికానిదానికి మార్కులు వేశారని వాళ్ళను తిట్టిన మనిషి ఆ వృత్తిలో అప్పటిదాకా లేదు.

మూడున్నరకు జాడీ అడుగు కనబడింది. చివర్లో మిగిలిన గుజ్జులో చిదానందమే అన్నం కలుపుకుని తుడిచాడు. ధ్రువపత్రాల మీద ఆయన సంతకాల పక్కన ఎర్రటి నూనె వేళ్ళ గుర్తులు పడ్డాయి. తనకు తానే ఒకటి రాసుకుని, తానే సంతకం పెట్టి, తన చేత్తో తానే అందుకున్నాడు. భిక్షపతి భ్రమరాంబ కాళ్ళకు దణ్ణం పెట్టి, "ఇంకో బిడ్డ పుడితే మీ పేరు పెడత మేడమ్," అన్నాడు. "వద్దు నాయనా, పిలవడానికి పొడుగు, హాయిగా చిన్నపేరు పెట్టుకో," అంది. అతను గేటు దాటి పరుగెత్తాడు. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

ఖాళీ జాడీ పట్టుకుని భ్రమరాంబ మొగుడి కోసం వెతుక్కుంటూ వెళ్ళింది. యామిని స్టాల్లో, స్టూలు మీద, చెవులకు యంత్రం తగిలించుకుని కూర్చుని ఉన్నాడు సాంబమూర్తి. తెర మీద పొయ్యి వెలుగుతోంది. ఆయన శ్రద్ధగా చట్నీ రుబ్బుతున్నాడు. చేతికి ఎర్ర పట్టీ ఉంది.

"ఏమండీ! ఎవరు కట్టారది?"

"అక్కడ కుర్రాడెవరో ఫారం ఇచ్చాడు, సంతకం పెట్టాను. ఉద్యోగంలో ఉండగా ఎన్ని పెట్టలేదు?" ఆయన తల తిప్పలేదు. "భ్రమరా, వంట ఇంత తేలికని నువ్వెప్పుడూ చెప్పలేదేం? ఈ అత్తగారు కూడా చాలా మంచావిడ. గంటసేపటి నుంచి ఒక్క మాట అనలేదు."

భ్రమరాంబ పరుగున వెళ్ళి చిదానందాన్ని పట్టుకుంది. ఆయన ఐసుముక్క చప్పరిస్తూ విన్నాడు.

"ఎర్ర పట్టీ పడగానే తమరి వారి సహాయకుడి కార్డు రద్దయినది. తమరి ప్రదర్శనాంశము సమాప్తమైనది. హాల్లో పూర్తి చేయదగినది మరొకటి లేదు. అయితే ఒకసారి నమోదైన అంశానికి నవీకరించిన ప్రతి తెచ్చుకోవచ్చు. ఇంకొక జాడీ తెస్తే తమరి వారు పూర్తి చేసి రావచ్చును."

"ఎప్పట్లోగా తేవాలి?"

"గడువేమీ లేదు మేడమ్. చివరి క్రీడాకారుడు పూర్తి చేసేవరకు ప్రదర్శన కొనసాగును."

ఆదివారం పొద్దున్నే ఆవిడ మార్కెట్టుకు వెళ్ళింది. మామిడికాయల చివరి బండ్లు అవి. ఏరి ఏరి పాతిక కాయలు తీసుకుని, అక్కడే ముక్కలు కొట్టించి తెచ్చింది. తుడిచింది, జీడి తీసింది, కలిపింది, జాడీకి ఎత్తింది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ఆరింటికి కాఫీ అడిగినవాళ్ళు లేరు. పేపరు నాలుగు గదుల్లో నాలుగు ముక్కలుగా పడి లేదు. తువ్వాలు మంచం మీద తడిగా లేదు. మూడో రోజు తిరగ కలిపింది. ఆఫీసుకు వెళ్ళింది, వచ్చింది, నచ్చినప్పుడు పడుకుంది.

పదో రోజున సాంబమూర్తి ఫోన్ చేశాడు.

"భ్రమరా, ఇక్కడ అన్నం ఇంకా ఉడకలేదోయ్. మార్చి అంటోంది ఆ పిల్ల. ఆవకాయ ఎంతవరకు వచ్చింది?"

"ముక్క అసలు మెత్తబడలేదండీ. ఇలాంటిది జాడీడు తింటే మీ కడుపేం కావాలి? ఒక నెల ఊరనివ్వండి."

"నెలా?"

"నిబంధనంటే నిబంధనే మరి. తినేసరికి పూర్తిగా తయారై ఉండాలిగా."

ఫోను పెట్టేసి, కంచంలో వేడన్నం వడ్డించుకుంది. చేతులు పొడిగా తుడుచుకుని జాడీ వాసెన విప్పి, రెండు ముక్కలు, గరిటెడు ఊట వేసుకుంది. ఫ్యాను కింద పీట వాల్చుకుని మొదటి ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది.

ముక్క బాగానే ఊరింది.